మూడు పల్లెలు, ఒక సైకిలు

మా నాన్నగారు బాప్టిస్టు సంఘ కాపరి. మద్దిపాడు చుట్టుపక్కల, గుండ్లకమ్మకు ఈవలి ఒడ్డున ఉన్న మూడు పల్లెల సంఘాలను ఆయన ఒక్కరే చూసుకొనేవారు. నాకు ఊహ తెలిసేనాటికి, అంటే 1970వ దశకం చివరి సంవత్సరాల్లో, ఆ మూడు సంఘాలకూ కలిపి ఉన్న వాహనం ఒకే ఒక్క హెర్క్యులెస్ సైకిలు.

అది నాన్నగారి సొంతం కాదు, సంఘానిది. అన్నం వండబోయే ముందు ఎసట్లో పోయవలసిన బియ్యంలోంచి పిడికెడు తీసి వేరే ముంతలో వేసి, ఆదివారం నాడు ఆ ముంతను గుడికి తెచ్చే అలవాటు మా తల్లులకు ఉండేది. ఆ పిడికెడు బియ్యం అమ్మగా వచ్చిన డబ్బుకు, పొగాకు గ్రేడింగు పనికి పోయే ఆడవాళ్ళు తమ కూలిలోంచి వేసిన చందా కలిపి, స్త్రీల సమాజం వారు ఒంగోలు ట్రంకు రోడ్డులోని కొట్టులో దానిని కొన్నారు. అందువల్ల ఆ సైకిలు మీద అందరికీ హక్కు ఉండేది. ఎవరి కోడలికైనా అర్ధరాత్రి పురిటినొప్పులు మొదలైతే నర్సమ్మను పిలుచుకొని రావడానికి మా వాకిట్లో ఉన్న సైకిలునే తీసుకొని వెళ్ళేవారు. పొలంలో పాము కరిచిన మనిషిని కారియర్ మీద కూర్చోబెట్టి, తూలి పడిపోకుండా తువాలుతో తొక్కేవాని నడుముకు కట్టి, మద్దిపాడుకు తీసుకొనిపోవడం నేను కళ్ళారా చూశాను. పదో తరగతి పరీక్షల రోజుల్లో పిల్లలు దాని కోసం వంతులు వేసుకొనేవారు. సైకిలు అలా బయటికి పోయిన రోజున నాన్నగారు నడిచి వెళ్ళేవారు. దాని గురించి ఆయన సణగడం నేను ఎన్నడూ వినలేదు గాని, గాలి లేకుండా తిరిగి తెచ్చినవారిని మాత్రం గట్టిగానే కేకలేసేవారు.

నెలలో మొదటి ఆదివారం మూడు చోట్లా ప్రభు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకొనే ఆరాధన, ఉండేది. తెల్లవారుజామునే అమ్మ ద్రాక్షరసం సీసాను తడి తువాలులో చుట్టి, చిన్న గిన్నెల పెట్టెతో పాటు గుడ్డసంచిలో పెట్టి, హ్యాండిలుకు ఎడమవైపు తగిలించేది. కుడివైపు తగిలిస్తే బ్రేకు పట్టినప్పుడు సీసా కడ్డీకి కొట్టుకుంటుందని ఆమె లెక్క. బైబిలు, పాటల పుస్తకం, ఉతికి మడత పెట్టిన తెల్ల అంగీ కారియర్ క్లిప్పు కింద ఉండేవి. ముందు కడ్డీ మీద నేను. కడ్డీకి తువాలు చుట్టినా రెండో పల్లెకు చేరేసరికి తొడలు మొద్దుబారిపోయేవి. మొదటి ఊళ్ళో ఆరాధన తెల్లవారి ఏడింటికి, రెండో ఊళ్ళో పదకొండింటికి, మూడో ఊళ్ళో పొద్దుగూకిన తరువాత. మధ్యలో ఎవరి ఇంట్లోనో అన్నం పెట్టి, వేపచెట్టు కింద మంచం వాల్చేవారు. తిరుగు ప్రయాణంలో కానుకలు కూడా మాతోనే వచ్చేవి. జొన్నలు, మినుములు, గుడ్లు, ఒక్కోసారి కాళ్ళు కట్టి హ్యాండిలుకు వేలాడదీసిన కోడి. సీసా ఖాళీ అయిన సంచిలోనే గుడ్లు వరిగడ్డిలో సర్దుకొని రావడం నాన్నగారికి బాగా అలవాటు.

మా నేల నల్లరేగడి. ఆ నేల మీద వానాకాలంలో సైకిలు నడపడం ఏమిటో తెలియనివారికి చెప్పడం కష్టం. నాలుగు బారలు పోయేసరికి టైరుకూ మడ్‌గార్డుకూ నడుమ బంకమట్టి దట్టించుకొని చక్రం తిరగడం మానేస్తుంది. పుల్లతో గోకి వదిలించుకుంటే మరో నాలుగు బారలు. చివరికి అందరూ చేసేది ఒక్కటే, సైకిలును భుజాన వేసుకొని నడవడం. వాన లేని కాలంలో చిల్లకంప ముళ్ళు. గొర్రెల కాపరులు నరికి పడేసిన కొమ్మలు దారి పొడుగునా ఉండేవి. అందుకని సీటు కింది సంచిలో సొల్యూషన్ ట్యూబు, గరుకు కాగితం, పాత ట్యూబు ముక్కలు, రెండు టైరు లీవర్లు ఎప్పుడూ ఉండేవి. ట్యూబును పొలం కాలువ నీళ్ళలో ముంచి బుడగ ఎక్కడ లేస్తోందో చూసి, అక్కడ వేలు పెట్టి, ఆ వేలు తీయకుండా రెండో చేత్తో తుడిచి రుద్దే ఆ నేర్పు నాన్నగారి దగ్గరే నేర్చుకున్నాను. వేసవిలో గుండ్లకమ్మ ఎండిపోతే ఇసకలో తోసుకుంటూ అవతలి ఒడ్డుకు చేరేవాళ్ళం. మల్లవరం దగ్గర జలాశయం అప్పటికి లేదు.

ఇదంతా పర్యావరణం కోసం చేసిన పని కాదు. వేరే గతి లేక చేసిన పని. అయినా, కాళ్ళ మీద, ఎడ్లబండి మీద, ఆ తరువాత సైకిలు మీద తిరిగినవారే ఈ ప్రాంతపు సంఘాలను కట్టారన్నది నిజం. నెల్లూరు నుంచి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జూయెట్ దొర 1854 నూతన సంవత్సరం నాటి తెల్లవారుజామున మరి కొద్దిమందితో కలిసి ఎక్కి ప్రార్థించిన కొండ ఒంగోలులో ఇప్పటికీ ప్రార్థన కొండే. ఒంగోలుకు పడమటి పల్లెల్లో మొదటి విశ్వాసులలో ఒకరైన ఎర్రగుంట్ల పేరయ్యగారు పల్లె తరువాత పల్లె నడిచి తిరిగి చెప్పారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందినప్పుడు ఆ వచ్చిన జనంలో చాలామంది ఎంతో దూరం నుంచి నడిచి వచ్చినవారే. అంతకు ముందు రెండేళ్ళూ కరువు. ఆ కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర చేసిన పని ఒకటి మా నాన్నగారు తరచూ చెప్పేవారు. దొరకు సర్వే పని తెలుసు. ఆ చదువును అక్కరకు తెచ్చుకొని, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళ కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో ఉన్న జనానికి కూలి ఇప్పించారు. ఉప్పు, కట్టెలు, ధాన్యం వేసుకొని పడవలు మద్రాసు దాకా పోయిన కాలువ అది. ఒక మిషను ఒక రవాణా మార్గానికి మట్టి మోయించిన సంగతి మన జిల్లా చరిత్రలోనే ఉండగా, రవాణా గురించి చర్చికి ఏం పని అని అడిగేవారిని చూస్తే నాకు కొంచెం నవ్వు వస్తుంది.

సైకిలు గురించి చెప్పవలసిన అసలు సంగతి వేరే ఉంది. మూడు పల్లెల్లో ఒకదానికి పోవాలంటే పెద్ద ఊరి నడిమి వీధిగుండా పోవాలి. ఆ వీధి మొదట్లో, రామాలయానికి ఇంకా కాస్త దూరం ఉండగానే, మా వాళ్ళందరూ సైకిలు దిగి, నడిపించుకుంటూ వీధి దాటి, మళ్ళీ చివరన ఎక్కేవారు. దిగమని బోర్డు ఏమీ ఉండదు. అరుగుల మీద కూర్చున్నవారి చూపు చాలు. నాన్నగారు మొదట్లో దిగేవారట. నేను కడ్డీ మీద ఎక్కి తిరిగే రోజులకు ఆయన దిగడం మానేశారు. గంట కొట్టరు, వేగం పెంచరు, తల తిప్పరు, నెమ్మదిగా తొక్కుకుంటూ పోయేవారు. ఒకసారి ఒక పెద్దమనిషి అరుగు మీంచి, ‘ఏందయ్యా పాస్టరూ, కాళ్ళకు మట్టి అంటుకుంటదా?’ అని అడిగాడు. నాన్నగారు ఆగి, ఒక కాలు నేల మీద ఆనించి, ‘బిడ్డ నిద్రపోతన్నాడండీ, దింపితే లేస్తాడు’ అని చెప్పి ముందుకు కదిలారు. నేను నిద్రపోవడం లేదు. నా భుజం మీద ఆయన గడ్డం ఆనించి ఉండడం, ఆ గడ్డం వణకడం నాకు ఇప్పటికీ తెలుస్తోంది.

అది 1985కు ముందు మాట. ఆ ఏడాది జూలైలో అప్పటి మా ప్రకాశం జిల్లాలోనే కారంచేడులో దళితుల ఊచకోత జరిగింది. ఆ తరువాత ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో వీధిలో సైకిలు దిగాలా వద్దా అన్న ప్రశ్న మునుపటి ప్రశ్న కాదు. మా పల్లెల కుర్రవాళ్ళు గుంపుగా, కావాలనే గంటలు మోగించుకుంటూ పోయిన సందర్భాలు ఉన్నాయి. నాన్నగారికి అది అంతగా నచ్చలేదు, అలా అని ఆయన వారిని ఆపనూ లేదు.

ఆడపిల్లల సంగతి ఇంకొక రకం. బైబిలమ్మగా, అంటే ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకు బైబిలు చెప్పే మనిషిగా పనిచేసిన మా పెద్దమ్మ జీవితమంతా నడిచే తిరిగింది. నల్ల గొడుగు, చేతిసంచి, పాదాలకు రబ్బరు చెప్పులు. మా అక్క మాత్రం గుడి ఆవరణలో, ఓణీ నడుముకు బిగించి, అడ్డతొక్కుడుతో మొదలుపెట్టి నేర్చుకుంది. సంఘ పెద్దలలో ఒకరు గుడి ముందర ఇదేం ఆట అని అభ్యంతరం చెప్పారు. స్త్రీల సమాజం వారు, సైకిలు కొన్నది తమ పిడికెడు బియ్యంతోనని ఆయనకు గుర్తు చేశారు. అక్క ఆ సైకిలు మీదే కొన్నాళ్ళు పక్క పల్లెకు పోయి ఆదివార బడి చెప్పింది. హైస్కూలు ఆడపిల్లలకు ఉచితంగా సైకిళ్ళు ఇచ్చే ‘బడికొస్తా’ పథకం మన రాష్ట్రంలో వచ్చినప్పుడు, రోడ్డు నిండా ఒకే రంగు సైకిళ్ళ మీద పోతున్న పిల్లలను చూసి మా అక్క చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, ఆ తరువాత సీట్లు వాళ్ళకు మరీ ఎత్తుగా ఉన్నాయని వ్యాఖ్యానించింది.

నాన్నగారి తరువాత వచ్చిన పాస్టరుగారు టి.వి.ఎస్. 50 మీద తిరిగారు. ఆయన తరువాతివారు మోటారు సైకిలు కొన్నారు. మూడు సంఘాలకు ముగ్గురు పాస్టర్లు అయ్యారు. ఇవన్నీ మంచికే. మండుటెండలో అరవై దాటిన మనిషి ఎనిమిది మైళ్ళు తొక్కాలని ఎవరూ కోరుకోకూడదు. కానీ ఒక తేడా నాకు స్పష్టంగా కనిపించింది. సైకిలు మీద పోయే కాపరిని ఎవరైనా ఆపవచ్చు. బావి దగ్గర, బడ్డీ కొట్టు దగ్గర, పొలం గట్టున, ‘అయ్యగారూ, ఒక్క నిమిషం’ అని పిలిస్తే కాలు ఆనించి నిలబడేవారు. సగం సంఘ పని ఆ నిలబడిన చోటే జరిగేది. కారులో పోయే కాపరి తాను బయలుదేరిన ఇంటి నుంచి చేరవలసిన ఇంటికే పోతాడు.

నేను ఉద్యోగరీత్యా ఒంగోలులో స్థిరపడి చాలాకాలమైంది. మేము వెళ్ళే సంఘం పట్టణంలో పెద్దదే. ఆదివారం వచ్చిందంటే గుడి ముందు రోడ్డుకు రెండు వైపులా కార్లు, వాటి పక్కన మోటారు సైకిళ్ళు. రోజువారీ ఆటోలు పోవడానికి సందు ఉండదు, అంబులెన్సు వస్తే మైకులో కారు నంబరు చదివి తీయించాలి. మూడేళ్ళ కిందట వచ్చిన యువ పాస్టరుగారు, ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస వారాలైన శ్రమకాల దినాలు మొదలయ్యే ముందు, సంఘ కమిటీలో ఒక ప్రతిపాదన పెట్టారు. జర్మనీ, ఆస్ట్రియాలలో కథోలికులూ ప్రొటెస్టెంట్లూ కలిసి శ్రమకాలంలో కారు ఉపవాసం పాటిస్తారని, అంటే ఆ వారాల్లో కారు పక్కన పెట్టి నడకనో, సైకిలు మీదో, బస్సులోనో, రైలులోనో తిరుగుతారని చెప్పారు. జర్మనీలో సైకిలు బాటల పక్కన ఉన్న కొన్ని చర్చిలు దారిన పోయే సైకిలు ప్రయాణికుల కోసం పగటిపూట తలుపులు తెరిచి ఉంచుతాయని, ఇంగ్లండులో సెప్టెంబరు రెండో శనివారం నాడు జనం సైకిళ్ళ మీద, కాలినడకన చర్చి నుంచి చర్చికి తిరుగుతూ పాత కట్టడాల మరమ్మతుకు చందాలు పోగుచేస్తారని వివరించారు. 2015లో పోప్ ఫ్రాన్సిస్ పర్యావరణం మీద రాసిన లేఖలో బస్సులు, రైళ్ళు వాడడం, ఒకే కారులో కలిసి ప్రయాణించడం వంటి చిన్న పనులను కూడా విశ్వాస జీవితంలో భాగంగా చెప్పారని అన్నారు. ఇటలీలో గిసాల్లో కొండ మీద ఉన్న మరియమ్మను 1949లో పోప్ పన్నెండవ పయస్ సైకిలిస్టుల పాలక పునీతురాలిగా ప్రకటించిన సంగతి కూడా ఆయనే చెప్పారు. మేము బాప్టిస్టులం కనుక పునీతులతో మాకు పెద్దగా పని లేదు గాని, ఆ చిన్న గుడి గోడలకు పందేలు గెలిచినవారి సైకిళ్ళు వేలాడుతుంటాయని విన్నప్పుడు మాత్రం నాకు అక్కడికి పోవాలనిపించింది.

కమిటీలో ఎనభయ్యో పడిలో ఉన్న విశ్రాంత ఉపాధ్యాయులు ఒకరు ఉన్నారు. ఆయన లేచి, ‘అయ్యగారూ, మా నాయన ఊళ్ళో సైకిలు దిగి నడిచాడు. నేను స్కూటరు కొనడానికి, మా వాడు కారు కొనడానికి రెండు తరాలు పట్టింది. ఇప్పుడు సైకిలు ఎక్కమంటే, నన్ను మళ్ళీ దిగమన్నట్టే ఉంది’ అన్నారు. గది నిశ్శబ్దమైపోయింది. నాకు ఆ మాట విన్న తరువాత, పర్యావరణం గురించి మన చర్చిలలో జరిగే ప్రసంగాలు చాలావరకు ఈ మనిషిని చూడకుండానే తయారవుతున్నాయనిపించింది. పాస్టరుగారు వాదించలేదు. ‘మిమ్మల్ని సైకిలు ఎక్కమనను మాస్టారూ. మీ కారులో వచ్చేది మీరూ అమ్మగారూనే కదా, వెనక సీటు ఖాళీగా వస్తోంది. మీ వీధి చివర ఇద్దరు ముసలమ్మలు ఆటో కోసం నిలబడి ఉంటారు. వాళ్ళను ఎక్కించుకొని రండి, చాలు’ అన్నారు. మాస్టారు ఒప్పుకున్నట్టూ చెప్పలేదు, కాదన్నట్టూ చెప్పలేదు. ఆ వచ్చే ఆదివారం మాత్రం ఆయన కారులోంచి నలుగురు దిగారు. ఆ ముసలమ్మలు తయారయ్యేసరికి ఆలస్యమవుతోందని ఆయన ఇప్పటికీ ప్రతివారం విసుక్కుంటూనే ఉంటారు, ఎక్కించుకొని వస్తూనే ఉంటారు.

అక్కడి నుంచి పని నెమ్మదిగా సాగింది. గుడి ఆవరణలో రెండు కార్లు పట్టే స్థలంలో రేకుల నీడ వేసి, ఇనుప కమ్మీలతో సైకిలు స్టాండు కట్టించారు. గాలి పంపు, పంచరు సామాను పెట్టి, ఆదివారం పూట అక్కడ కూర్చోవడానికి దగ్గరి వీధిలోని సైకిలు మెకానిక్కును పిలిచారు. ఆయన ముస్లిం. పైకానికి కాకపోయినా పలకరింపులకైనా వస్తానన్నాడు, పైకం కూడా బాగానే వస్తోంది. ఎండాకాలం మొత్తం ఆరాధన ఉదయం ఏడింటికి మార్చారు. పదిన్నరకు ఎండలో తొక్కుకుంటూ ఇంటికి పోవడమనే బాధ దీనితోనే తీరింది. ప్రసంగాల కన్నా ఈ ఒక్క మార్పు వల్లనే ఎక్కువమంది సైకిళ్ళ మీద వచ్చారని నా గట్టి నమ్మకం. బుధవారం ప్రార్థన కూటాలను గుడిలో కాకుండా కాలనీకి ఒక ఇంట్లో పెట్టడంతో వాహనం అవసరమే లేకుండా పోయింది. 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక, పల్లెల నుంచి వచ్చే తల్లులు పల్లెవెలుగు బస్సు వేళలను చూసి ఆరాధన వేళ ఇంకో పావుగంట జరపమని అడిగారు. జరిపారు.

అన్నీ బాగానే జరిగాయని చెప్పలేను. మట్టల ఆదివారం నాడు సైకిలు ర్యాలీ పెడదామని కొందరు యవనస్తులు ఉత్సాహపడి ఫ్లెక్సీలు కట్టారు, టీ షర్టులు పంచారు. సైకిళ్ళేమో అద్దెకు తెచ్చి, మినీ లారీలో వేసుకొని గుడి ముందు దించారు. ఊరేగింపు అయిపోగానే మళ్ళీ అదే లారీలో ఎక్కించి, అందరూ మోటారు సైకిళ్ళ మీద బిర్యానీకి పోయారు. అరువు తెచ్చిన గాడిద పిల్ల మీద యెరూషలేములోకి వచ్చిన ప్రభువు జ్ఞాపకార్థం అద్దె సైకిళ్ళు తేవడంలో తప్పేముందని వారిలో ఒకడు నాతో వాదించాడు. ఆ వాదనకు నా దగ్గర వెంటనే సమాధానం దొరకలేదు.

రోడ్ల సంగతి చర్చి చేతిలో లేదు. చీమకుర్తి నుంచి గ్రానైట్ రాళ్ళు వేసుకొని వచ్చే లారీల పక్కన పిల్లను సైకిలు మీద పంపమని ఏ తల్లికీ నేను చెప్పలేను. ఆరు వరుసల జాతీయ రహదారి వచ్చాక, రోడ్డుకు అవతల ఉన్న పల్లె వారు ఇవతల ఉన్న గుడికి రావాలంటే అండర్‌పాస్ దాకా సర్వీసు రోడ్డు మీద చాలా దూరం చుట్టు తిరగాలి. దగ్గరి దారి అని డివైడరు మీదుగా సైకిలు ఎత్తి దాటించేవారు ఇంకా ఉన్నారు. నల్లరేగడిలో సైకిలును భుజాన మోసిన మా వాళ్ళు ఇప్పుడు సిమెంటు దిమ్మెల మీదుగా మోస్తున్నారు. అక్కడ సురక్షితంగా దాటే దారి కావాలని సంఘం తరఫున అధికారులకు అర్జీ ఇచ్చాము. పక్కనే ఉన్న మసీదు వారు, శివాలయం కమిటీవారు కూడా సంతకాలు చేశారు.

ఈ ఏడాది బడ్జెట్టులో పాస్టరుగారికి కారు కొనాలని ఒక పద్దు పెట్టారు. ఆయన ఒంగోలులో సైకిలు మీదే తిరుగుతారు, దూరపు ఊళ్ళకు బస్సులో పోతారు. పెద్ద సంఘపు కాపరి బస్సు స్టాండులో నిలబడడం తమకు చిన్నతనంగా ఉందని కమిటీలో సగం మంది అంటారు. ఆ సగంలో మాస్టారు ముందు వరుసలో ఉంటారు. ఆ డబ్బుతో ముసలివారినీ రోగులనూ తీసుకొనివచ్చే ఎలక్ట్రిక్ ఆటో ఒకటి కొని, దానిని సంఘంలోనే పనిలేని కుర్రవాడికి అప్పగిస్తే మిగతా ఆరు రోజులు వాడు దాని మీద బతుకుతాడని పాస్టరుగారు అంటారు. స్త్రీల సమాజం ఆటో వైపే ఉంది. పిడికెడు బియ్యం ముంతలు ఇప్పుడు లేవు గాని, వారి సొంత ఖాతాలో డబ్బు ఉంది. కమిటీ ఎటూ తేల్చకపోతే ఆటోకు ముందస్తు తామే కట్టేస్తామని మా అక్క పోయిన సమావేశంలో లేచి చెప్పింది. కోతకాలపు పండుగ తరువాత చూద్దామని విషయాన్ని వాయిదా వేశారు.